మందబయలును కొలిచిన బంతి భోజనం

రాజ్యలక్ష్మి గారు నా పళ్లెంలో రెండో పెసరట్టు వేసిన క్షణంలో ప్రమాదం నాకు మొదటిసారి తెలిసింది. మొదటి పెసరట్టు తింటున్నంతసేపూ తెలియలేదు. అంచులు కరకరలాడుతూ, లోపల వేడి ఉప్మాతో, పక్కన అల్లం పచ్చడితో అది నన్ను ఏమీ ఆలోచించనివ్వలేదు. రెండోది పడ్డాక తల దించి చూశాను. పళ్లెం నా ఒళ్లో ఉంది. నేను ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాను. కుర్చీ వరండాలో ఉంది. ఆ వరండా, ఆ పొద్దున నేను కొలిచి ఖాళీ చేయించడానికి వచ్చిన ప్రభుత్వ స్థలంలో ఉంది. పచ్చడి గిన్నె ఒరిగిపోకుండా నా కొలత టేపు మీద ఆనించి పెట్టారు.

అప్పటికి నేను వార్డు ప్లానింగ్ కార్యదర్శిగా చేరి మూడో ఏడు నడుస్తోంది. ధనుర్మాసం అప్పుడే మొదలైంది. ఊరి పేరు రాయను. ఏలూరు నుంచి తాడేపల్లిగూడెం వెళ్లే దారిలో, పట్టణం పెరిగి తనలో కలిపేసుకున్న ఒక పాత ఊరు అనుకుంటే చాలు.

ఇప్పుడు నేను ఆ ఉద్యోగంలో లేను. మా ఆయన కలిదిండి వైపు చేపల చెరువులకు మేత అమ్మే కంపెనీలో పనిచేస్తారు, వారంలో సగం రోజులు అక్కడే. ఇద్దరు పిల్లల్ని, ఫీల్డు ఉద్యోగాన్ని ఒక్కదాన్నే మొయ్యలేక మానేశాను. ఇలాంటి జ్ఞాపకాలు రిటైరైన పెద్దవాళ్లు రాస్తే అందంగా ఉంటుంది, నాకు ఇంకా ఆ వయసు రాలేదు. కానీ ఆ పరీక్షకు చదువుకునే అమ్మాయిలు ఉద్యోగం ఎలా ఉంటుందక్కా అని అడుగుతుంటారు. పిల్లలు పడుకున్నాక, తలుపు గడియ రెండుసార్లు చూసుకుని, వాళ్ల కోసం రాస్తున్నాను.

వార్డు ప్లానింగ్ కార్యదర్శి అంటే ఇళ్ల ప్లాన్లు చూసేది, అనుమతి లేని కట్టడాలు పట్టుకునేది, ఖాళీ స్థలాలు ఖాళీగా ఉన్నాయో లేదో చెప్పేది. పైన సూపర్‌వైజర్ గారు, ఆయన పైన ప్లానర్ గారు ఉంటారు. కింద ఎవరూ ఉండరు. అందుకని పని అంతా కిందకే జారుతుంది. హద్దులు తేల్చాలంటే మాత్రం సర్వేయర్ రావాలి. ఆ పని చేసే అర్హత మాకు లేదు.

నాకు అప్పగించిన స్థలాన్ని రెవెన్యూ లెక్కల్లో ‘మందబయలు’ అంటారు. పాతరోజుల్లో పొద్దున్నే ఊరి పశువులన్నీ ఇళ్ల దగ్గర్నుంచి వచ్చి ఒకచోట నిలబడేవి. కాపరి అన్నీ చేరాయని చూసుకుని మేతకు తోలుకుపోయేవాడు. అలా మంద కూడే స్థలమే మందబయలు. ఎవరి సొంతమూ కాదు, అందరిదీ. ఎండాకాలం కొల్లేరు వెనక్కి తగ్గాక బయటపడే గడ్డికోసం ఆ మంద అంత దూరం వెళ్లి, వానలు పడ్డాక తిరిగొచ్చేదట. తర్వాత ఆ గడ్డి నేలల్లో చెరువులు తవ్వారు. మేత పోయింది. మేతతో పాటు పశువులు పోయాయి, పశువులతో పాటు కాపరి పోయాడు. బయలు మాత్రం మిగిలింది. నేను చేరేనాటికి ఆ మంద మొత్తంలో ఉన్నది ఒక్క గేదె. అది కూడా మధ్యాహ్నం ఎండకు అపార్ట్‌మెంటు పార్కింగులోనే పడుకునేది.

పశువులు లేకపోయినా బయలుకు పని తగ్గలేదు. కోతలయ్యాక వడ్లు ఆరబోసేవారు. చర్చి సభలు, వినాయకుడి పందిరి, పెళ్లి భోజనాలు, సాయంత్రం వాలీబాల్ అన్నీ అక్కడే. మేం అద్దెకున్న మేడమీద వాటాకు పెరడు లేదు. ఆఫీసు అయ్యాక నా పిల్లలు హాసిని, చిన్ను ఆడుకునేది కూడా అక్కడే. అది లేకపోతే ఇక రోడ్డే. ఆ రోడ్డు మీద నీళ్లు కారుస్తూ చేపల లారీలు వెళతాయి. ఒక సాయంత్రం చిన్ను బంతి వెనకాల పరుగెత్తి ఒక లారీ బంపరుకు ఎదురుగా నిలబడ్డాడు. డ్రైవరు బ్రేకు వేశాడు. వాడికి ఏమీ కాలేదు. నాకు మాత్రం అప్పటి నుంచి బ్రేకు చప్పుడు వినబడితే చేతిలో ఏముంటే అది జారిపోతుంది.

ఆక్రమణ అనగానే రౌడీలూ, రాత్రికి రాత్రి లేచే గోడలూ గుర్తొస్తాయి. ఇక్కడ అలా జరగలేదు. ఒకరు బట్టలుతికే బండను కాస్త ముందుకు జరిపారు. పక్కవాళ్లు బండ వరుసకు నీళ్ల డ్రమ్ము పెట్టారు. ఆ పక్కవాళ్లు డ్రమ్ము వరుసకు కోళ్లగూడు పెట్టారు. అందరూ ఒకరినొకరు అడిగే చేశారు.

“ఏవండీ, మాది కాస్త జరుపుకుంటున్నామండి.”

“అయ్యో, జరుపుకోండి. దానిదేముందండి.”

అంతటి మర్యాద మధ్య సగం బయలు కరిగిపోయింది. అందరికంటే ముందుకు వచ్చింది కిరాణా కొట్టు సత్యనారాయణ గారు. సరుకు బస్తాలకు ఒక రేకుల షెడ్డు వేసి, ఇంటి ముందు ఎత్తుగా ఒక సిమెంటు వరండా కట్టారు. రాజ్యలక్ష్మి గారు ఆయన భార్య.

నాకు వచ్చిన ఆదేశం చిన్నదే. నెలాఖరులోగా హద్దులు తేల్చి, లోపలున్నవి తీయించి, చుట్టుపక్కలవాళ్ల సంతకాలతో పంచనామా పంపాలి. స్థలం మొత్తం ఖాళీగా చూపిస్తే పార్కు. చూపించలేకపోతే, మిగిలిన ముక్క ఆటస్థలానికి చాలదని రాసి, అద్దెకిచ్చే షాపు గదులు కట్టాలని ప్రతిపాదన. మా సూపర్‌వైజర్ గారు ఫోనులో ఈ రెండూ వివరించి, తనకు ఏదైనా ఒకటేనని, త్వరగా పంపితే చాలని అన్నారు. కూల్చడానికి నోటీసులు, వాటికి గడువులు ఉంటాయి. అవి పూర్తయ్యేసరికి నెలాఖరు దాటిపోతుంది. అంటే వాళ్లంతట వాళ్లే తీయాలి.

సర్వేయర్‌గా వెంకటేశ్వర్లు గారు వచ్చారు. ఉద్యోగంలో తల నెరిసిన మనిషి. ఆయన దగ్గర రోవర్ ఉంటుంది. పొడవాటి కర్ర మీద పుట్టగొడుగులా కనబడే ఆ పరికరం ఉపగ్రహాల సంకేతం అందుకుని తను ఎక్కడ నిలబడిందో చెబుతుంది. దానికి అబద్ధం రాదు. వెంకటేశ్వర్లు గారికి కూడా రాదు. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత, పెట్టింది కాదనలేకపోవడం.

ఆ మొదటి రోజు రాజ్యలక్ష్మి గారి వరండాలో టిఫిను అయింది. తర్వాత కోళ్లగూడు వాళ్లింట్లో గారెలు. డ్రమ్ము వాళ్లింట్లో పూతరేకులు. వద్దంటే వినరు.

“ఒక్కటండీ మేడం గారండీ. ఒక్కటి తింటే ఏమవుతుందండి?”

“ఇప్పుడే వాళ్లింట్లో తిన్నానండి.”

“ఆయ్, వాళ్లింట్లో తిని మా ఇంట్లో తినకపోతే మేమేం అనుకోవాలండి?”

ఈ ప్రశ్నకు మా శిక్షణలో జవాబు చెప్పలేదు. మధ్యాహ్నం బండ వాళ్లింట్లో కొర్రమీను పులుసుతో భోజనం పెట్టారు. భోజనం తర్వాత వెంకటేశ్వర్లు గారు రోవర్‌ను గోడకు ఆనించి, ఉపగ్రహాలు సరిగ్గా అందడం లేదని చెప్పి, మంచం మీద కళ్లు మూసుకున్నారు. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

రెండో రోజు ఇద్దరం ఇంట్లోనే తిని వెళ్లాం. పని జరిగింది. హద్దు ఎక్కడ వస్తుందో తేలగానే నేల మీద సున్నంతో తెల్లగీత వేయించాను. గీత అందరి గుమ్మాల ముందుగా, అంటే బండకూ డ్రమ్ముకూ కోళ్లగూటికీ ఇంటివైపుగా, వెళ్లింది. సత్యనారాయణ గారి వరండా దగ్గర ఇటు మెట్టు దాకా వచ్చి ఆగి, అటు గోడ దగ్గర మళ్లీ మొదలైంది. ఫోటోలు తీసుకున్నాను. చాలా రోజుల తర్వాత నిశ్చింతగా ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున వెళ్లేసరికి గీత లేదు. లేదనడం కూడా సరికాదు. ఒక గుమ్మం ముందు అది తామరపువ్వు అయింది. ఇంకో గుమ్మం ముందు రథం అయింది. రాజ్యలక్ష్మి గారి మెట్టు దగ్గర మెలికలు తిరిగి, చుక్కల మధ్య నుంచి దూరి, ఒక చిలకల జంటగా తేలింది. ధనుర్మాసం కదా, వీధి వీధంతా ముగ్గులే.

“గీత చెరిపేశారేంటండీ?” అన్నాను.

రాజ్యలక్ష్మి గారు నిజంగా నొచ్చుకున్నారు. “చెరపడమేంటండీ? కళ్లాపి చల్లుతుంటే మీ గీత సగంలో ఆగిపోయి కనబడిందండి. గుమ్మం ముందు సగం గీత ఉంచకూడదండి. పాపం మేడం గారికి టైము చాల్లేదేమో అనుకుని పూర్తి చేశామండి. మీ గీత ఎక్కడికీ పోలేదండి. ఇదిగో, ఈ చిలక తోక మీదేనండి.”

వెంకటేశ్వర్లు గారు చిలక తోకను పరీక్షగా చూసి, ఒక మూర వరకు హద్దు సరిగ్గానే ఉందని ఒప్పుకున్నారు.

అప్పుడు కర్ర గూటాలు కొట్టించాం. ఎర్రరంగు పూసిన గూటాలు. సాయంత్రానికి వాటి మధ్య తాడు కట్టి బట్టలు ఆరేశారు. అడిగితే, అంత బలంగా ఎవరు పాతించారోనని నన్నే మెచ్చుకున్నారు. ఆ ఒక్క గేదెను కూడా ఒక గూటానికి కట్టేశారు. మందబయల్లో ఇన్నేళ్లకు పశువు నిలబడింది కదా అని వెంకటేశ్వర్లు గారు సంతోషించారు. నాకు ఏడుపొచ్చింది.

షాపులు వస్తాయని చెప్పి చూశాను. ఎవరూ కాదనలేదు, ఎవరూ నమ్మలేదు. “అలా ఎందుకు చేస్తారండి, మీరున్నారు కదండి” అన్నారు సత్యనారాయణ గారు. ఆయన కొట్టు ఎదురుగానే ప్రభుత్వం అద్దె కొట్లు కట్టబోతోందని, వాటి వెనక గోడలే ఆయన గుమ్మానికి కనబడతాయని చెప్పాను. ఆయన నవ్వి, నా చేతిలో బెల్లం ముక్క పెట్టారు. చింతలపూడి దగ్గర బంధువులు పంపిన కొత్త బెల్లమట.

ఆ సాయంత్రం పిల్లల్ని ఆడుకోమని వదిలి బయలు అంచున కూర్చున్నాను. సువార్తమ్మ టీచరు గారు వచ్చి పక్కన కూర్చున్నారు. మిషన్ బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, చర్చి మహిళా సమాజానికి పెద్ద. ఆమె ఇల్లు బయలుకు దూరం, ముందుకు జరపడానికి ఆమెకు ఏమీ లేదు. నా అవస్థ అంతా విన్నారు.

“అమ్మాయ్, నువ్వు తాడేపల్లిగూడెం దానివి కదూ?”

“అవునండి. ఉల్లిపాయల మార్కెట్ పక్కనండి.”

“అక్కడ లారీ అడ్డంగా పెడితే ఎలా తీస్తారు?”

“అరుస్తారండి.”

“అదే. ఇక్కడ అరిస్తే కుర్చీ వేస్తారు. గీత గీస్తే ముగ్గేస్తారు. అన్నానికి ఆకు వేస్తే మాత్రం జరుగుతారు. నువ్వింకా ఆ పని చెయ్యలేదు.”

క్రిస్మస్‌కు ముందు ప్రతి ఏడూ సెమీ క్రిస్మస్ జరుపుతారు. అన్ని మతాలవాళ్లనీ పిలిచి, పాటలు పాడి, కేకు కోసి, భోజనం పెడతారు. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఆ భోజనం మందబయల్లోనే. కొన్నేళ్లుగా చోటు చాలక రెండు బంతులు వేస్తున్నారు. అంటే సగంమంది తింటుంటే సగంమంది వాళ్ల వెనకాల నిలబడి ఎప్పుడు లేస్తారా అని చూడాలి. మా వైపు అది చాలా తప్పు. ఆకలి వల్ల కాదు. రెండో బంతిలో కూర్చున్నవాళ్లు ఏడాది పొడవునా అది గుర్తుపెట్టుకుంటారు.

“ఈసారి ఒకే బంతి” అన్నారు టీచరు గారు. “పీటలూ బల్లలూ వద్దు, నేల మీద పట్టాలు పరిచి విస్తళ్లు వేద్దాం. బయలు చుట్టూ, నీ హద్దు వెంట. చోటు కావాలంటే నేను అడుగుతాను. కానీ దొంగతనంగా చెయ్యొద్దు. ఎందుకో కూడా చెప్పే అడుగుతా.”

అలాగే చేశారు. ఇంటింటికీ వెళ్లారు. నేను ఆమె వెనక నిలబడ్డాను.

“ఏమ్మా, ఆదివారం అందరం ఒకే బంతిలో కూర్చోవాలనుకుంటున్నాం. మీ కోళ్లగూడు ఉన్న చోట ముగ్గురు పడతారు. ఈ అమ్మాయి ఆరోజే హద్దు రాళ్లు కూడా పాతిస్తుంది. చూసుకోండి మరి.”

రెండో మాటను ఎవరూ పట్టించుకోలేదు. మొదటి మాట విన్న తర్వాత ఇక ఆగలేదు. “అయ్యో, ముగ్గురేంటండీ, మా బాత్రూము రేకు తీస్తే నలుగురు కూర్చుంటారు” అని ఆ ఇంటావిడ తనే చెప్పింది. శనివారం చూస్తే ఊరంతా మోతలే. బండ దొర్లింది. డ్రమ్ములు దొర్లాయి. కోళ్లు కాళ్లకు తాళ్లతో మేడమీదికి వెళ్లాయి. నేను రాకముందు నాలుగు నోటీసులు ఇచ్చినా కదలని అపార్ట్‌మెంటువాళ్ల జనరేటరును నలుగురు మోసి పక్కన పెట్టి, చెమట తుడుచుకుంటూ నన్ను అడిగారు, “ఇంకా ఏమైనా అడ్డమా అండి?” సత్యనారాయణ గారు షెడ్డు రేకులు తనే విప్పించారు. బస్తాలు లోపల పెట్టించి, భోజనాలకు బియ్యం, నూనె తన కొట్టు నుంచే వెళ్లాలని పట్టుబట్టారు. చర్చివాళ్లు డబ్బు ఇస్తామంటే చెవులు మూసుకున్నారు.

మిగిలింది వరండా. సిమెంటుది. దాన్ని దొర్లించడం కుదరదు.

ఆదివారం పొద్దున షామియానా వాళ్లు స్తంభాలు ఎక్కడ పాతాలని అడిగారు. వెంకటేశ్వర్లు గారు రోవర్ పట్టుకుని బయలు చుట్టూ తిరుగుతూ, “ఇక్కడ. ఇక్కడ. ఇక్కడ కూడా” అని చూపించారు. అంత పద్ధతిగా పందిరి వేయించుకున్నవాళ్లు ఎవరూ లేరని షామియానా మేస్త్రీ అన్నాడు. ఆ గుంతల పక్కనే హద్దు రాళ్లు దించి ఉంచాం. ఖాళీ అయిన బయలును అప్పుడు మొదటిసారి పూర్తిగా చూశాను. రోజూ చూసే స్థలమే, రెండింతలుంది. హాసిని ఈ చివర నుంచి ఆ చివరకు పరుగెత్తి, మధ్యలో అలిసిపోయి ఆగింది.

ప్రార్థన, పాటలు, కేకు అయ్యాయి. అందరూ ఒకేసారి కూర్చున్నారు. బంతి బయలు చుట్టూ తిరిగి సత్యనారాయణ గారి ఇంటి దగ్గరకొచ్చేసరికి ఆగింది. అక్కడ వరండా అడ్డం. వరుస తెగకూడదని కొంతమంది వరండా ఎక్కి కూర్చున్నారు. ఇంటి యజమాని కాబట్టి సత్యనారాయణ గారు వరండా అంచున కూర్చున్నారు. ఆయన పక్కన, కింద నేల మీద వెంకటేశ్వర్లు గారు. వడ్డన మొదలైంది. బూరెలు, పులిహోర, రొయ్యల వేపుడు. అప్పుడు వెంకటేశ్వర్లు గారు మెల్లగా అన్నారు.

“ఏవండీ సత్యనారాయణ గారూ, ఏమీ అనుకోకండి. మీ పాదాలు నా విస్తరి పక్కనున్నాయండి.”

ఆయన కాళ్లు వెనక్కి తీసుకున్నారు. మడుచుకుంటే మోకాలు తగిలింది. అటు తిప్పితే వరండా ముందు కూర్చున్న పాస్టరు గారి తల్లి. ఆవిడ విస్తరి కూడా కిందే. చుట్టూ కూర్చున్నవాళ్లు చూడనట్టు చూస్తున్నారు. ఒకే బంతిలో ఒకరు ఎత్తు మీద, ఒకరి పాదాల దగ్గర ఇంకొకరి అన్నం. నిజానికి ఆయన తప్పు లేదు, వరండా అంత ఎత్తుంది.

సరిగ్గా అప్పుడే పంచనామా కాగితం అటు వస్తోంది. మామూలుగా పంచనామా సంతకాలకు ఇళ్ల చుట్టూ తిరగాలి. ఒకరు ఊళ్లో ఉండరు, ఒకరు స్నానంలో ఉంటారు. ఆ రోజు అందరూ వరుసగా కూర్చుని లేవలేని స్థితిలో దొరికారు. సువార్తమ్మ టీచరు గారు అందులో ఏముందో మైకులో గట్టిగా చదివారు. ‘ఈ హద్దుకు లోపల ఉన్నదంతా మందబయలు, మాకు హక్కు లేదు, మేమే ఖాళీ చేశాం’. చదివాక అట్టకు పెట్టి మొదటివాళ్లకిచ్చారు. అది పచ్చడి వెనకాలే బంతి వెంట వెళ్లింది. అందరి కుడిచేతులూ ఎంగిలి. చేతులు కడుక్కునే దాకా ఆగమన్నారు వెంకటేశ్వర్లు గారు. నాకు ఆగే ధైర్యం లేదు. ఈ ఊళ్లో చేతులు కడుక్కున్నాక తాంబూలం, తాంబూలం తర్వాత కబుర్లు, ఆ తర్వాత అందరూ ఎవరి బండ దగ్గరకు వాళ్లే. ఎడమచేత్తో పెట్టమన్నాను. పెట్టారు.

కాగితం సత్యనారాయణ గారి దగ్గర ఆగింది. చదువుకున్నారు. వరండా వైపు చూశారు. “మేడం గారండీ, కట్టింది కదండీ. దీని సంగతి తర్వాత చూద్దామండి” అన్నారు. ఆ వరండా ఒక్కటి ఉంటే స్థలం ఖాళీ అని రాయలేను. రాయలేకపోతే షాపులు.

రాజ్యలక్ష్మి గారు చేతిలో సాంబారు బకెట్టుతో వచ్చి ఆగారు. బంతిని ఆ చివర నుంచి ఈ చివర దాకా చూశారు. భర్త పాదాలు చూశారు. సర్వేయర్ గారి విస్తరి చూశారు.

“ఏవండీ, బంతి మన గుమ్మం ముందే విరిగిందండి.”

“అదే చెబుతున్నా, కట్టింది కదా.”

“కట్టించినవాళ్లు పగలగొట్టించలేరేంటండీ? వచ్చే ఏడాది కూడా మీరిలాగే పెద్దావిడ నెత్తి మీద కూర్చుంటారా? దిగండి ముందు.”

సత్యనారాయణ గారు విస్తరి పట్టుకుని దిగారు. వెంకటేశ్వర్లు గారు జరిగి చోటిచ్చారు. రాజ్యలక్ష్మి గారు బకెట్టు కింద పెట్టి, ఆవిడ చెయ్యి శుభ్రంగానే ఉంది కాబట్టి కుడిచేత్తోనే, వరండా పగలగొట్టిస్తామని కూడా రాసి సంతకం పెట్టారు. భర్తకు అట్ట అందించారు. ఆయన ఎడమచేత్తో పెట్టారు. వెంటనే సాంబారు వడ్డించారు ఆవిడ.

విస్తళ్లు తీస్తుండగానే స్తంభాలు పీకి ఆ గుంతల్లోనే రాళ్లు దించాం. వరండా పగలగొట్టడానికి సాయంత్రమే మేస్త్రీ వచ్చాడు. మర్నాటికి వాయిదా వేస్తే ఇంకా ఎందుకు తీయలేదని వంద మంది అడుగుతారని రాజ్యలక్ష్మి గారు అన్నారు.

నేను భయపడింది ఒక్కటే, ఎవరి సామాను వాళ్లు మళ్లీ పెట్టుకుంటారని. పెట్టుకోలేదు. ముందు ఎవరు పెడతారోనని అందరూ చూశారు. అందరూ చూస్తున్నారని ఎవరూ పెట్టలేదు. కోళ్లు మాత్రం మేడమీదే ఉండిపోయాయి. ఆ ఇంటావిడకు పెద్దగా కోపం లేదు, గుడ్లు వెతుక్కునే పని తగ్గిందట.

కాగితం ఫోటో సూపర్‌వైజర్ గారికి పంపితే వెంటనే ఫోను చేశారు. సంతకాలన్నీ ఒకే రకంగా వంకరగా ఉన్నాయి, ఒకరి చేతే పెట్టించావా అని గట్టిగానే అడిగారు. అందరూ విస్తళ్ల ముందు ఎడమచేత్తో పెన్ను పట్టుకున్న ఫోటో హాసిని నా ఫోనులో తీసింది, అదే పంపాను. అది చూసి ఆయన, సెమీ క్రిస్మస్‌కు తనను ఎందుకు పిలవలేదని అడిగారు. ప్రతిపాదన పార్కుగానే వెళ్లింది. నిధులు ఇంకా రాలేదు. బయలు మాత్రం ఉంది.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. హద్దును గీసినందువల్ల అది నిలవదు, పదిమందీ కలిసి దాని వెంట కూర్చుంటే నిలుస్తుంది. రెండోది, జనం దేన్ని కాదనలేరో తెలుసుకున్నాకే వాళ్లను ఏదైనా అడగాలి. నన్నడిగే అమ్మాయిలూ, మొదటిది పరీక్షలో రాయకండి, మార్కులు రావు.

ఆ భోజనాల మర్నాడు పొద్దున బడికి తయారవుతూ చిన్ను, ఇక రోజూ బయల్లో ఆడుకోవచ్చా అని అడిగాడు. రోడ్డు మీదికి వెళ్లకూడదని చెప్పాను. బంతి రోడ్డు మీదికి పోతే పోనివ్వమని, కొత్తది కొంటానని చెప్పాను. వాడు తలూపాడు. హాసిని జడ వేయించుకుంటూ, “అక్కడ ఆంటీలు తినమని పిలుస్తారమ్మా, వద్దనాలా?” అంది.

“వద్దనకండి, వాళ్లు బాధపడతారు. తినండి. కానీ కూర్చునే ముందు హద్దురాయి ఎటుందో చూసుకుని, వాళ్ల ఇంటివైపే కూర్చోండి” అని చెప్పాను.